బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్‌కు ముందు ఇంటివాళ్ల రక్తం వద్దు: ప్లేట్‌లెట్ల జాగ్రత్తలు

వానలు పడ్డాయి, విశాఖలో డెంగ్యూ మొదలైంది. ఇక బ్లడ్ బ్యాంకుల్లో ప్లేట్‌లెట్లకు కటకటే. మొన్న విజయనగరం వైపు నుంచి బోన్ మ్యారో (ఎముక మజ్జ) ట్రాన్స్‌ప్లాంట్‌కు వచ్చిన కుర్రాడికి వరసగా సంచులు ఎక్కించినా కౌంట్ కదల్లేదు. ఆరా తీస్తే, అంతకుముందు నెలల్లో అన్నా, బాబాయీ, మేనమామా వంతులేసుకుని రక్తం ఇచ్చారట.

మాస్కు, చేతులు కడుక్కోవడం ఆసుపత్రివాళ్లే చెబుతారు. నేను చెప్పేది ఒక్కటే. ట్రాన్స్‌ప్లాంట్‌కు ముందు రక్తసంబంధీకులు ఆ పేషెంటుకు రక్తం ఇవ్వకూడదు, ప్లేట్‌లెట్లూ ఇవ్వకూడదు.

"మన రక్తమే కదా, బాగా పడుతుంది" అనుకుంటారు. ప్లేట్‌లెట్ల మీద హెచ్‌ఎల్‌ఏ గుర్తులుంటాయి, అంటే కణం మనదో పరాయిదో ఒంటికి తెలిపేవి. పేషెంట్ ఒంట్లో వాటిమీద యాంటీబాడీలు పుడితే, తర్వాత ఆ గుర్తులతో వచ్చే ప్లేట్‌లెట్లు ఎక్కించిన కాసేపటికే నాశనమవుతాయి. రేపు ట్రాన్స్‌ప్లాంట్‌కు మూలకణాలివ్వాల్సింది ఆ అన్నే అయితే అవీ నిలవకపోయే ముప్పు పెరుగుతుంది. భర్త భార్యకివ్వడమూ వద్దు. పిల్లల్ని కన్నామె ఒంట్లో అతని గుర్తులమీద యాంటీబాడీలు ముందే ఉండొచ్చు.

అలాగని కౌంట్ పెరగని ప్రతిసారీ యాంటీబాడీలే కారణం కాదు. ఎక్కువసార్లు జ్వరం, ఇన్‌ఫెక్షన్, వాచిన ప్లీహం, యాంఫోటెరిసిన్ (ఫంగస్ మందు) లాంటి మందులు కారణమవుతాయి. ఏదో తేలాలంటే ఎక్కించిన గంటలోపు ఒక కౌంట్, మర్నాడు ఇంకొకటి చూడాలి. గంటకే పెరగకపోతే యాంటీబాడీల అనుమానం. గంటకు పెరిగి మర్నాటికి పడిపోతే జ్వరం, ఇన్‌ఫెక్షన్ వైపు చూస్తారు. ఒక ఎస్‌డీపీ (ఒకే దాత నుంచి మెషిన్‌తో తీసిన ప్లేట్‌లెట్ల) సంచి పెద్దవాళ్లలో మామూలుగా 30 నుంచి 50 వేలు పెంచుతుంది. మర్నాటి కౌంట్ ఒక్కటే చూసి "ఇంకో సంచి తెండి" అంటే, గంట కౌంట్ ఎంతని మీరే అడగండి.

సంచి తెచ్చేటప్పుడు ఐస్ డబ్బా వద్దు. ప్లేట్‌లెట్లు 20 నుంచి 24 డిగ్రీల దగ్గర, మెల్లగా ఊగుతూ ఉండాలి. చల్లబడినవి ఒంట్లో తొందరగా మాయమవుతాయి. మహారాణిపేట నుంచి అగనంపూడి వెళ్లేటప్పుడు గాజువాకలో టీ కోసం దిగి, సంచిని ఎండలో కారులో వదిలేయకండి.

ఇక వరసగా చదువుకోండి.

సంచి మీద ఇర్రేడియేషన్ (రేడియేషన్ కిరణాలు పట్టించినట్టు) లేబుల్ ఉందో లేదో చూడండి. దాత తెల్లకణాలు పేషెంట్ ఒంటిమీద దాడి చేయకుండా ఆపేది అదే.
తెల్లకణాలు వడకట్టిన సంచే అడగండి.
గ్రూపు కలిసేదే మొదట వెతకండి.
మూడు రోజుల్లో ఆస్పిరిన్ వేసుకున్న డోనర్ వద్దు.
పేషెంటుకు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ ఇవ్వొద్దు.
చలిజ్వరం వస్తే అప్పటికప్పుడే నర్సుకు చెప్పండి.
బొప్పాయి ఆకు రసం పోయకండి. తెల్లకణాల్లేని ఒంట్లోకి పచ్చి ఆకు రసమా!
తమ్ముడు చెయ్యి చాపి నిలబడినా వద్దనండి. ఏడ్చినా వద్దనండి.
బ్లడ్ బ్యాంకువాళ్లు బదులు రక్తం అడిగితే ఆ తమ్ముడిచేతే ఇప్పించండి. కానీ అతని సంచి మీ పేషెంటుకు రాకూడదని అక్కడే రాయించండి.