హార్డ్ డిస్క్ కొనేముందు పాతదాని మందం కొలవండి

ల్యాప్‌టాప్‌కి కొత్త డిస్క్ అనగానే ఎన్ని జీబీలన్నదే చూస్తాం. తీరా తెచ్చి బిగించబోతే అడుగు మూత మూసుకోదు. 2.5 అంగుళాల డిస్కులన్నీ పొడవు వెడల్పుల్లో ఒకటే: దాదాపు 100 మి.మీ., 70 మి.మీ. తేడా అంతా మందంలో ఉంది. 5, 7, 9.5, 12.5, 15 మి.మీ.లలో వస్తాయి. 7 మి.మీ. చోట్లో 9.5 పట్టదు, నొక్కి పెట్టకండి. 9.5 చోట్లో 7 పెట్టొచ్చు, కానీ 2.5 మి.మీ. స్పేసర్ (ఖాళీ నింపే పలుచని చట్రం) లేకపోతే డిస్క్ ఊగుతుంది, కనెక్టర్ వదులవుతుంది.

ల్యాప్‌టాప్ ఆపేసి, ఛార్జర్ తీసి, బ్యాటరీ విడదీశాకే డిస్క్ బయటికి తీయండి. దాని చుట్టూ ఉన్న రేకు ఫ్రేమ్ విప్పి, డిస్కును మాత్రమే కొలవండి. కొన్నింటికి చివర చిన్న అడాప్టర్ తగిలించి ఉంటుంది. అదే డిస్క్ కనెక్టర్ అనుకుని మోసపోతుంటారు. మెల్లగా లాగితే ఊడి వస్తుంది. ఫ్రేమ్, అడాప్టర్, స్క్రూలు పారేయకండి, కొత్తదానికీ అవే కావాలి. వేరే పొడవైన స్క్రూలు వేస్తే లోపల బోర్డుకు తగలొచ్చు.

ఇప్పుడు కనెక్టర్ చూడండి. సాటా (ఇప్పటి 2.5 అంగుళాల డిస్కుల్లో మామూలుగా ఉండే కనెక్టర్ రకం) అయితే పక్కపక్కనే రెండు చదునైన పట్టీలు, చిన్నదానిలో 7, పెద్దదానిలో 15 కాంటాక్టులు. సూదుల్లాంటి పిన్నులు రెండు వరసల్లో ఉంటే అది ఐడీఈ అనే పాత రకం కనెక్టర్, సాటా డిస్క్ దానికి నేరుగా ఎక్కదు. సాటా 1, 2, 3 తరాల తేడాల గురించి బెంగ వద్దు, వేగం తగ్గినా పనిచేస్తాయి.

మూడు టీబీలు, ఆపైన ఉండే 2.5 అంగుళాల హార్డ్ డిస్కులు మామూలుగా 15 మి.మీ. మందం, ల్యాప్‌టాప్‌లో వాటి ఆశ వదులుకోండి. పోర్టబుల్ డిస్క్ విప్పి లోపలిది వాడదామన్నా, చాలావాటిలో యూఎస్‌బీ పోర్టు నేరుగా బోర్డు మీదే ఉంటుంది, సాటా ఉండదు.

ఎం.2 స్లాట్ (సన్నని కార్డు లాంటి ఎస్‌ఎస్‌డీ డిస్క్ దూర్చే చోటు) ఉంటే లెక్క వేరు. 2280 అంటే 22 మి.మీ. వెడల్పు, 80 మి.మీ. పొడవు, 2242 కూడా ఉంది. అసలు చిక్కు కార్డు కనెక్టర్ అంచున ఉండే గాటుతో: రెండు గాట్లున్న సాటా కార్డు ఎన్‌వీఎంఈ (సాటా కన్నా వేగమైన మరో రకం) స్లాట్‌లో చక్కగా దూరుతుంది, కానీ ఆ స్లాట్‌కి సాటా సపోర్ట్ లేకపోతే బయోస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే తెరవగలిగే సెట్టింగుల తెర) కనిపించదు. అందుకే ఎం.2 విషయంలో కొలతల కన్నా ముందు మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ తెరవండి.