కీమో మొదలయ్యే ముందు గంజాయి నూనె విషయంలో జాగ్రత్తలు

ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తెలియగానే ఫోన్‌కి ఒక వార్త వస్తుంది: గంజాయిలోని పదార్థాలు క్యాన్సర్ కణాలను చంపాయట. కొట్టిపారేద్దామంటే అది అబద్ధమూ కాదు. గంజాయిలో మత్తు కలిగించే పదార్థమైన టీహెచ్‌సీ ఇచ్చిన ఎలుకల్లో ఊపిరితిత్తుల కణితి నెమ్మదించిందని అమెరికా పరిశోధకులు 1975లోనే ప్రచురించారు. ఆ తర్వాత రొమ్ము, మెదడు క్యాన్సర్ కణాల మీద కూడా ఇలాంటి ఫలితాలు వచ్చాయి.

అలాంటి వార్త చదివేటప్పుడు ముందు మోతాదు చూడండి. గంజాయిలోనే ఉండే, మత్తు కలిగించని సీబీడీ అనే పదార్థాన్ని ల్యాబ్‌లో కణాల మీద తరచుగా 10 మైక్రోమోలార్ గాఢతలో వాడతారు. అంటే లీటరుకు సుమారు 3 మిల్లీగ్రాములు. నోటితో తీసుకున్న సీబీడీలో రక్తంలోకి చేరేది మామూలుగా సుమారు 6 శాతమే. రోజుకు కొన్ని చుక్కల గంజాయి నూనె మింగితే ఆ గాఢత దరిదాపుల్లోకి కూడా వెళ్లం. పైగా మోతాదు తక్కువైతే ఫలితం లేకపోవడమే కాదు, అది తిరగబడిన సందర్భాలూ ఉన్నాయి. చాలా తక్కువ గాఢతలో టీహెచ్‌సీ తగిలిన ఊపిరితిత్తుల, మెదడు క్యాన్సర్ కణాలు ఇంకా వేగంగా పెరిగాయని 2004లో ఒక అధ్యయనం చూపింది. ఫార్వర్డ్ మెసేజ్‌లలో ఈ సంగతి ఎందుకో ఎప్పుడూ కనబడదు.

తర్వాత, ప్రయోగం ఎవరి మీద జరిగిందో చూడండి. స్పెయిన్‌లో 2006లో ప్రచురించిన అధ్యయనంలో మెదడు కణితి తిరగబెట్టిన 9 మందికి టీహెచ్‌సీని గొట్టం ద్వారా నేరుగా కణితిలోకే పంపారు. పోల్చి చూడటానికి మందు ఇవ్వని రోగులు లేరు కాబట్టి, అది పనిచేసిందని దాన్నిబట్టి చెప్పలేం. బ్రిటన్‌లో 21 మందితో చేసి 2021లో ప్రచురించిన ట్రయల్‌లో కీమో మందు టెమోజోలోమైడ్‌తో పాటు టీహెచ్‌సీ, సీబీడీ కలిసిన స్ప్రే వాడారు. ఏడాది తర్వాత స్ప్రే తీసుకున్నవారిలో 83 శాతం, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 44 శాతం బతికి ఉన్నారు. ఆశ కలిగించే ఫలితమే, కానీ 21 మంది మరీ తక్కువ. అందుకే 232 మందితో పెద్ద ట్రయల్ తలపెట్టారు. ఒకటి గమనించండి, ఈ స్ప్రేని కీమో మానేసి ఇవ్వలేదు, కీమోతో పాటే ఇచ్చారు.

అసలు టెన్షన్ పడాల్సింది మందుల కలయిక గురించి. చాలా మందులను కాలేయంలోని ఎంజైములు విరగ్గొడతాయి. సీబీడీ వాటిలో కొన్నింటిని అడ్డుకుంటుంది. దాంతో మందు రక్తంలో పేరుకుపోవచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారికి రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఫిట్స్‌కి వాల్‌ప్రోయేట్ వాడేవారిలో రక్తపరీక్షలో కాలేయ ఎంజైములు పెరిగే, అంటే కాలేయం దెబ్బతింటోందని సూచించే ప్రమాదం ఎక్కువ. క్యాన్సర్‌పై ఒంట్లోని రోగనిరోధక శక్తినే ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ సంగతి వేరు. ఇజ్రాయెల్‌లో ఆ చికిత్స తీసుకుంటూ గంజాయి కూడా వాడినవారిలో మందుకు స్పందన తక్కువగా కనిపించింది. కారణం గంజాయేనని తేలకపోయినా, ఆ చికిత్సకు వెళ్లేవారు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదని నా అభిప్రాయం.

కాబట్టి కీమో మొదటి విడతకు ముందే నూనె సీసాను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. తిడతారేమోనని దాచవద్దు. ఎన్ని చుక్కలో చెబితే సరిపోదు, రోజుకు ఎన్ని మిల్లీగ్రాముల సీబీడీ, ఎన్ని మిల్లీగ్రాముల టీహెచ్‌సీ వెళ్తున్నాయో రాసుకెళ్లండి. లేబుల్ మీద ఆ లెక్క లేని సీసాను వాడకపోవడమే మంచిది. కొవ్వు ఎక్కువున్న భోజనంతో తీసుకుంటే సీబీడీ దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా రక్తంలోకి చేరుతుంది, కాబట్టి తిని తీసుకుంటున్నారా, ఖాళీ కడుపుతోనా అన్నదీ చెప్పండి. ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టర్‌కి కూడా తెలియాలి. మీరుండే చోట చట్టం దీన్ని అనుమతిస్తుందో లేదో ముందే కనుక్కోండి.

తెల్ల రక్తకణాలు పడిపోయిన రోజుల్లో గంజాయి పొగ అసలు వద్దు. ఆకులో ఉండే ఆస్పర్‌జిల్లస్ బూజు ఊపిరితిత్తుల్లో ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్ తేగలదు.

బాధ వాంతులే అయితే ఆ సంగతి నేరుగా చెప్పండి, వాటికి మంచి మందులున్నాయి. అవి పనిచేయనప్పుడు వాడే డ్రోనాబినాల్, నాబిలోన్ గంజాయి తరహా మందులే. అమెరికాలో వాటికి 1985లోనే అనుమతి వచ్చింది. నూనెను నమ్ముకుని కీమో వాయిదా వేయడం మాత్రం వద్దు.

ఇప్పటికే నూనె వాడుతున్నవారికి కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, చిగుళ్ల నుంచి రక్తం కారినా, మతి తడబడినా వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయండి. కీమో రోజుల్లో జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే తెల్లారేదాకా ఆగకండి. వెళ్లేటప్పుడు ఆ సీసా కూడా వెంట ఉండాలి.