రైస్ మిల్లులో భద్రతను అలవాటుగా మార్చడం ఎలా?

గోడ మీద ‘భద్రతే ముఖ్యం’ అని రాయించడం తేలిక. దాళ్వా (రబీ) ధాన్యం లారీలు గేటు బయట బారులు తీరినప్పుడు ధాన్యాన్ని బకెట్ల బెల్టుతో పైకెత్తే ఎలివేటర్ జామైతే మేస్త్రీ ఏమంటాడన్నది అసలు పరీక్ష. తణుకులోనైనా మండపేటలోనైనా మిల్లు యజమాని మొదలుపెట్టాల్సింది అక్కడే.

ముందు, ప్రమాదమనిపిస్తే ఎవరైనా మిషన్ ఆపొచ్చని చెప్పండి. హమాలీలకు బస్తా లెక్కన కూలి ఇస్తుంటే, మిల్లు ఆగినప్పుడు నష్టపోయేది వాళ్లే. అందుకే ఆగిన గంటకు ఇంత అని ముందే ఒప్పుకుని ఇవ్వండి. ఈ డబ్బు ఇవ్వని మిల్లులో మిగతా జాగ్రత్తలన్నీ కాగితం మీదే ఉండిపోతాయి.

రెండోది తాళం. స్టాప్ బటన్ నొక్కితే సరిపోదు, తెలియక ఇంకొకరు స్టార్ట్ నొక్కేస్తారు. ఎలివేటర్ బాగుచేసే పద్ధతి ఇది:

1. మోటార్ ఆపి, కరెంటు పూర్తిగా తెంచే స్విచ్ (ఐసోలేటర్) కిందికి దించండి.
2. పనిలోకి దిగే ప్రతి ఒక్కరూ ఆ స్విచ్‌కు తన తాళం తనే వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. నలుగురు దిగితే నాలుగు తాళాలు.
3. స్టార్ట్ బటన్ నొక్కి చూడండి. మోటార్ తిరగకూడదు.
4. బెల్టును క్లాంపుతో బిగించండి. చాలామంది వదిలేసేది ఇదే. కరెంటు లేకపోయినా, ధాన్యం నిండిన బకెట్ల బరువుకు బెల్టు ఒక్కసారిగా వెనక్కి తిరుగుతుంది. ఎలివేటర్ అడుగు పెట్టె అయిన బూట్‌లో చెయ్యి ఉంటే అంతే.
5. పని అయ్యాక తిరిగే భాగాలను కప్పే గార్డు బిగించాకే తాళాలు తియ్యాలి, ఎవరిది వాళ్లే.

మెడలో తువ్వాలు, జారే లుంగీ, వేలాడే చున్నీ తిరిగే షాఫ్టు దగ్గరకు రాకూడదు. ఈ నియమం యజమాని ఉత్తరీయానికీ వర్తిస్తుంది.

ధాన్యం బిన్ కింద గేటు తెరిచి ఉన్నప్పుడు పైన ఎవరూ నిలబడకూడదు. గింజలు కిందికి జారుతూ మనిషిని లాగేస్తాయి. నడుము దాకా కూరుకున్నవాణ్ణి చేతులతో పైకి లాగలేరు. నానబెట్టే ట్యాంకులోకి, మురుగు గుంతలోకి దిగేముందు మీటరుతో ఆక్సిజన్ చూడాలి. 19.5 శాతం కంటే తక్కువుంటే దిగొద్దు. విషవాయువుల సంగతి వేరు, వాటినీ విడిగా చూడాలి. లోపల ఒకరు పడిపోతే వెంటనే రెండోవాడు దూకడం సహజం, అతనూ అక్కడే పడిపోతాడు. అందుకే దిగేవాడికి సేఫ్టీ బెల్టు, తాడు కట్టి, పైన ఒక మనిషిని కదలకుండా ఉంచండి.

తవుడు ధూళిని గాలి కొట్టి ఎగరేయొద్దు, రాజుకుంటే పేలుతుంది. ఊడ్చి తీయించండి.

ఇక ‘తప్పిన ప్రమాదాల’ పుస్తకం. జారిన నిచ్చెన, ఊడిన గార్డు, వైరు తగిలి చిన్న షాక్, అన్నీ అందులో రాయాలి. రాయడం రానివాళ్లు, బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చినవాళ్లు నోటితో చెబితే సూపర్‌వైజర్ రాసుకోవాలి. ‘ఎవరు చేశారు?’ అని మొదలెడితే రెండో వారానికే పుస్తకం ఖాళీ. ‘ఎందుకు జరిగింది?’ అని అడిగి, ఏడు రోజుల్లో ఏం బాగుచేశారో ఆ పక్కనే రాయండి.

ప్రమాదాలు లేని నెలకు బోనస్ మాత్రం పెట్టకండి. తెగిన వేలికి గుడ్డ చుట్టుకుని దాచేస్తారు. ఆ డబ్బు పుస్తకంలో పనికొచ్చే సంగతి చెప్పినవాళ్లకు ఇవ్వండి.