కొబ్బరి ఈనెతో స్వెటర్ మీద జడ

చాలా ఏళ్ల తర్వాత మళ్లీ అల్లిక సూదులు పట్టాను. మా నరసాపురం వైపు చేతులన్నీ లేసు కొక్కేనికి అలవాటుపడినవి, రెండు సూదులంటే మొదట తికమకే. మీరూ మళ్లీ మొదలుపెడుతుంటే నేరుగా స్వెటర్ జోలికి పోకండి. 18 కుట్లతో చిన్న ముక్క అల్లండి: 6 పర్ల్ (అడ్డంగా గడ్డలా కనిపించే ఉల్టా కుట్టు), 6 నిట్ (V లా కనిపించే సీదా కుట్టు), 6 పర్ల్. వెనక వరసలో ఏ కుట్టు ఎలా కనిపిస్తే అలాగే.

నాలుగు వరసలయ్యాక మధ్య 6 కుట్లలో మొదటి 3 ఒక పుల్ల మీదికి తీసి ముందువైపు ఉంచండి. తర్వాతి 3 నిట్ చేసి, ఆపైన పుల్ల మీదివి చేయండి. కుట్లు ఒకదానిమీంచి ఒకటి దాటి, జడలాంటి మెలిక ఎడమకు తిరుగుతుంది. పుల్ల వెనక పెడితే కుడికి. ఇలా 6 వరసలకోసారి.

పుల్లంటే కొనేది కాదు. చీపురులోంచి లావుపాటి కొబ్బరి ఈనె ఒకటి లాగి, జానెడు విరిచి, చాకుతో గీకాను. నూలు దారం దానిమీంచి జారదు. సరిగ్గా గీకకపోతే మాత్రం పోగులు లేస్తాయి.

జడలు అల్లికను లోపలికి లాగేస్తాయి. మామూలు లెక్కతో కుట్లు వేసి మనవడికి అల్లిన చేతుల్లేని స్వెటర్ ఛాతీ దగ్గరే ఆగిపోయింది! అందుకే ముందు ఆ ముక్కను ఉతికి, ఆరాక కొలవండి. మన ఉక్కకి నూలే నయం, కాకపోతే ఊలులా సాగదు. మెలిక వేసే ముందు వరసను కాస్త వదులుగా అల్లుకోండి.