పార్వోతో ఒక పిల్లి పోయాక రెండోదాన్ని కాపాడుకోవడం

పాన్‌ల్యూకోపీనియా అనే పార్వో వైరస్ జబ్బుతో ఇంట్లో ఒక పిల్లి చనిపోతే, ఎంత దుఃఖంలో ఉన్నా, మిగిలిన పిల్లి గురించి అదే రోజు హనుమకొండలోనో వరంగల్‌లోనో దగ్గర్లోని పశువుల దవాఖానలో పాత టీకాల వివరాలు చెప్పి, వెంటనే టీకా వేయవచ్చేమో అడగాలి.

ఈ వైరస్ గదిలో ఏడాది దాకా బతకగలదు కాబట్టి అసలు శ్రమంతా శుభ్రతలోనే ఉంది. చనిపోయిన పిల్లి పడుకున్న గోనెసంచిని, ఇసుక తొట్టిని, వీధి పిల్లులకు అందకుండా కవర్లో మూటగట్టి పారేయడమే మేలు. బండలను సబ్బునీళ్లతో కడిగాక, 1 వంతు బ్లీచ్ ద్రావణానికి 32 వంతుల నీళ్లు కలిపి పోసి, 10 నిమిషాలు తడిగా ఉంచి, మళ్లీ కడిగి, పూర్తిగా ఆరాకే పిల్లిని రానివ్వాలి. ఫినాయిల్ వద్దు, అది పిల్లులకు హానికరం.

రెండు వారాల పాటు వాంతులు, జ్వరం, తిండి మానేయడం గమనిస్తూ, ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించాలి. కొత్త పిల్లిపిల్లను మాత్రం టీకాలు పూర్తికాకుండా ఇంట్లోకి తేవద్దు.