స్విచ్‌లో ఏ పోర్టు ఏ వీలాన్‌లో ఉందో సరిగ్గా చదవడం ఎలా

వీలాన్ అంటే ఒకే స్విచ్‌ని లోపల విడివిడి నెట్‌వర్కులుగా పంచే పద్ధతి, ఒక్కోదానికి ఒక నంబరు ఉంటుంది. సిస్కో స్విచ్‌లో షో వీలాన్ బ్రీఫ్ అనే కమాండ్ కొడితే ఎడమవైపు వీలాన్ నంబరు, పేరు, స్టేటస్, చివర్లో పోర్టులు వస్తాయి కదా, అందులో 24వ పోర్టు ఎక్కడా కనిపించకపోతే పోర్టు పాడైందేమో అని చాలామంది కంగారు పడతారు. పాడవ్వలేదండి. ఆ లిస్టులో యాక్సెస్ పోర్టులే (పీసీ లాంటివి పెట్టే, మామూలుగా ఒకే వీలాన్‌కి చెందినవి) చూపిస్తుంది, ట్రంక్‌గా (చాలా వీలాన్ల ట్రాఫిక్‌ని ఒకే కేబుల్‌లో మోసేలా) నడుస్తున్న పోర్టు అందులో రాదు. దానికి షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్ కొట్టాలి.

ఇక్కడే ఇంకో తిరకాసు ఉంది. ట్రంక్‌గా కాన్ఫిగర్ చేసిన పోర్టుకి లింక్ డౌన్ అయితే అది మళ్ళీ ఆ మొదటి లిస్టులో, మామూలుగా వీలాన్ 1 పక్కన వచ్చి కూర్చుంటుంది, అది చూసి ఎవరో కాన్ఫిగ్ మార్చేశారు అనుకోకండి, ముందు కేబుల్ చూడండి. ఐపీ ఫోన్ ఉన్న పోర్టు అయితే డేటా వీలాన్‌లో ఒకసారి, వాయిస్ వీలాన్‌లో ఒకసారి, రెండు చోట్లా కనిపిస్తుంది, అదీ తప్పు కాదు. 1002 నుంచి 1005 వరకు ఉన్నవి పాత టోకెన్ రింగ్, ఎఫ్‌డీడీఐ రకం నెట్‌వర్కుల కోసం పెట్టినవి, వాటిని వదిలేయండి.

వీలాన్‌ని డిలీట్ చేసినప్పుడు మాత్రం జాగ్రత్త, అందులో ఉన్న పోర్టులు వీలాన్ 1కి వెళ్ళిపోవు, లిస్టులోంచే మాయమైపోతాయి, ట్రాఫిక్ కూడా ఆగిపోతుంది. అలాంటప్పుడు షో ఇంటర్‌ఫేసెస్ స్విచ్‌పోర్ట్ కొట్టి చూస్తే యాక్సెస్ వీలాన్ పక్కన ఇనాక్టివ్ అని ఉంటుంది. నాకైతే ఏ డౌట్ వచ్చినా ఈ కమాండే ఎక్కువ నమ్మకం, ఎందుకంటే పోర్టుని ఏ మోడ్‌లో పెట్టామో, ఇప్పుడు నిజంగా ఏ మోడ్‌లో నడుస్తోందో రెండూ విడివిడిగా చెప్తుంది.

ట్రంక్ అవుట్‌పుట్‌లో పైన మోడ్, నేటివ్ వీలాన్ (ట్యాగ్, అంటే వీలాన్ నంబరు గుర్తు, లేకుండా ట్రంక్ మీద వెళ్ళే వీలాన్) ఉంటాయి, కింద మూడు వీలాన్ లిస్టులు వస్తాయి. మొదటిది మనం అనుమతించినవి, రెండోది వాటిలో ఆ స్విచ్‌లో నిజంగా యాక్టివ్‌గా ఉన్నవి, మూడోది స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్‌లో లూప్ పడకుండా చూసేది) ఫార్వర్డ్ చేస్తున్నవి. వీలాన్ 20 మొదటి దాంట్లో ఉండి రెండో దాంట్లో లేదంటే చాలాసార్లు ఆ స్విచ్‌లో వీలాన్ 20 క్రియేట్ చేయడమే మర్చిపోయి ఉంటారు.

వెబ్ పేజీలో సెట్ చేసే చిన్న స్మార్ట్ స్విచ్‌లలో యాక్సెస్, ట్రంక్ అనే మాటలే చాలావాటిలో ఉండవు, ఒక్కో వీలాన్‌కి పోర్టుల వరస ఇచ్చి ఒక్కోదాని మీద టీ లేదా యూ అని చూపిస్తాయి, టీ అంటే ట్యాగ్‌తో బయటికి పోతుంది, యూ అంటే ట్యాగ్ తీసేసి పంపుతుంది. అది బయటికి వెళ్ళే ట్రాఫిక్ సంగతి మాత్రమే, ట్యాగ్ లేకుండా లోపలికి వచ్చింది ఏ వీలాన్‌లో పడాలో చెప్పేది పీవీఐడీ, అది చాలా మోడళ్ళలో వేరే పేజీలో ఉంటుంది. వీలాన్ 10లో యూ పెట్టి పీవీఐడీ 1గానే వదిలేస్తే, పీసీ పంపింది వీలాన్ 1లోకి పోతుంది, వీలాన్ 10 నుంచి జవాబు రాదు, పైకి చూస్తే టేబుల్ అంతా కరెక్ట్‌గానే ఉంటుంది. అందుకే ఆ రెండు పేజీలు పక్కపక్కన తెరిచి పోర్టు పోర్టుకి పోల్చి చూసుకోండి.