తాగుడు మానాలనుకునేవారి సమావేశాలు: ఎలా వెతకాలి, వెళ్లాక ఏమి జరుగుతుంది

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తాగుడు మానాలనుకునేవారిని సమావేశం గుమ్మం దాకా రానివ్వనిది దూరం కన్నా మొహమాటమే. కొత్త మనిషి కనిపిస్తే "ఏ ఊరు, ఎవరి తాలూకు?" అని అడిగి రెండు మాటల్లో చుట్టరికం తేల్చేసే చోట, పదిమందిలో తన తాగుడు గురించి నోరు విప్పితే పరువు పోతుందన్న భయం సహజమే. అందువల్ల ఒక సంగతి ముందే తెలుసుకోవాలి: అక్కడ ఇంటిపేరు, ఊరు, ఉద్యోగం ఎవరూ చెప్పనక్కరలేదు, ఎవరిని చూశారో, ఏమి విన్నారో బయట మాట్లాడకూడదన్నది అందరూ పాటించవలసిన కట్టుబాటు.

ఇటువంటి వాటిలో ఎక్కువ ప్రచారంలో ఉన్నది ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే ఏఏ. 1935లో అమెరికాలోని ఏక్రన్ నగరంలో, తాగుడుతో నలిగిపోయిన ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జన్ ఒకరికొకరు తోడు కావడంతో ఇది మొదలైంది. చేరడానికి మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఫీజు లేదు. నడిపేవారు కూడా ఒకప్పుడు తాగినవారే తప్ప డాక్టర్లు కారు గనుక అక్కడ మందులు గానీ చికిత్స గానీ దొరకవు.

ఈ చివరి మాటను తేలికగా తీసుకోకూడదు. పొద్దున్నే రెండు గుక్కలు పడితే గాని చేతుల వణుకు తగ్గని స్థితికి చేరినవారు ఉన్నట్టుండి మానేస్తే మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతి తప్పి, లేనివి కనిపించి, ప్రాణం మీదికి రావచ్చు. అయ్యప్ప మాల వేసుకుని ఒక్కసారిగా మానేసేవారికీ ఇదే ప్రమాదం ఉంటుంది. కనుక అటువంటివారు ముందుగా జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్లి, రోజుకు ఎంత తాగుతున్నారో దాచకుండా చెప్పి, డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి. విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల కూడా ఇందుకు అందుబాటులో ఉంది.

సమావేశాన్ని వెతకడానికి ఫోను చాలు. 14446 మత్తు నుంచి విముక్తికి సంబంధించిన జాతీయ ఉచిత నంబరు. 14416 టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు, రాత్రి పగలు తేడా లేకుండా తెలుగులో మాట్లాడవచ్చు. డీఅడిక్షన్ కేంద్రాల వివరాలతో పాటు, దగ్గరలో ఏఏ గ్రూపు ఉందా అని కూడా అడగాలి. ఏఏ ఇండియా వెబ్‌సైటులో ఊళ్లవారీగా గ్రూపుల వివరాలు ఉంటాయి గాని, గదులూ వేళలూ మారుతుంటాయి. ముందుగా ఫోను చేసి, ఆ వారం సమావేశం ఉందని రూఢి చేసుకున్నాకే బస్సు ఎక్కడం మంచిది. దగ్గరలో దొరకకపోతే విశాఖ వైపు చూడాలి. విజయనగరం నుంచి అది సుమారు అరవై కిలోమీటర్లే అయినా, ఇచ్ఛాపురం వైపువారికి ప్రతివారం వెళ్లిరావడం మాటలు కాదు. వారు ఫోనులోనే వీడియో ద్వారా జరిగే సమావేశాల గురించి, వాటిలో తెలుగులో జరిగేవి ఏవో అడిగి తెలుసుకోవాలి. చెన్నైకో హైదరాబాదుకో పనికి వెళ్లేవారు అక్కడ గ్రూపులో చేరి, సంక్రాంతికి ఊరు వచ్చినప్పుడు ఈ పద్ధతిలో సంబంధం తెగకుండా చూసుకోవచ్చు. పండగ రోజుల్లోనే కదా "ఒక్క గ్లాసేరా" అనే బావలు ఎక్కువ.

సమావేశాలు రెండు రకాలు. ఓపెన్ సమావేశానికి ఇంట్లోవాళ్లయినా, ఊరికే తెలుసుకోవాలనుకునేవారైనా రావచ్చు. క్లోజ్డ్ సమావేశం తాగుడు సమస్య ఉన్నవారికి మాత్రమే. సమావేశం చర్చి హాలులో జరుగుతున్నా అది చర్చి కార్యక్రమం కాదు, అది అద్దెకో ఉచితంగానో దొరికిన గది మాత్రమే. దేవుడి ప్రస్తావన వస్తుంది, కాని ఏ దేవుడన్నది ఎవరి నమ్మకం వారిది.

సాధారణంగా గంట, గంటన్నర పడుతుంది. ఒకరు అధ్యక్షత వహించి ఏఏ ఉద్దేశాన్ని చదివి వినిపిస్తారు. తరువాత ఒక్కొక్కరూ తమ పేరు మాత్రం చెప్పి, తాగిన రోజుల్లో ఏమి జరిగిందో, ఇప్పుడు ఎలా నెట్టుకొస్తున్నారో చెబుతారు. మధ్యలో అడ్డుకోవడం, సలహాలివ్వడం ఉండదు. మన సంభాషణలకు అలవాటుపడ్డవారికి ఆ నిశ్శబ్దం మొదట్లో వింతగానే ఉంటుంది. తన వంతు వచ్చినప్పుడు "ఈ రోజు వింటానండీ" అంటే సరిపోతుంది, ఎవరూ బలవంతపెట్టరు. ఖర్చులకు ఒక సంచో డబ్బానో చేతులు మారుతుంది. మొదటిసారి వచ్చినవారు ఏమీ వేయనక్కరలేదు. అయిపోగానే లేచి వెళ్లిపోకుండా, టీ ఇస్తే తాగుతూ, ఒకరిద్దరి ఫోను నంబర్లు అడిగి తీసుకోవాలి. సాయంత్రం బెల్టు షాపు వైపు కాళ్లు లాగినప్పుడు పనికొచ్చేది ఆ నంబరే. కొన్నాళ్లకు, మానేసి చాలాకాలమైన ఒకరిని స్పాన్సరుగా, అంటే దారి చూపే తోడుగా, ఉండమని అడగవచ్చు. మగవారు మగవారిని, ఆడవారు ఆడవారిని అడగడం ఆనవాయితీ. మహిళల గ్రూపులు విడిగా ఉన్నాయేమో కూడా కనుక్కోవచ్చు.

ఒక్క సమావేశం చూసి తేల్చేయడం తొందరపాటు. గ్రూపును బట్టి వాతావరణం మారుతుంది. నచ్చకపోతే మరోదానికి వెళ్లాలి.

ఇంట్లోవారికి అలనాన్ అనే వేరే సమావేశాలు ఉన్నాయి. తాగే మనిషి మానినా మానకపోయినా భార్య, తల్లి, పెద్ద పిల్లలు వెళ్లవచ్చు. విసిగిపోయి, ఎవరో చెప్పారని తాగుడు మాన్పించే మాత్రలను కూరలో కలిపి పెట్టేవారు ఉన్నారు. అది ఎన్నడూ చేయకూడదు: అటువంటి మాత్రల్లో ఉండే డైసల్ఫిరామ్ అనే మందు కడుపులో ఉండగా సారా పడితే బీపీ పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు.

మధ్యలో మళ్లీ తాగినవారిని గ్రూపు వెలివేయదు. ఆ రోజు తాగి ఉంటే మాట్లాడకుండా వినమని మాత్రం చాలా గ్రూపులు కోరతాయి.